మన్యం బడిలో ఇంగ్లీషు: మూడో మెట్టు మీద మొదలైన చదువు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• తూర్పు కనుమల గిరిజన ప్రాంతంలో ఇంగ్లీషు బోధన దాటివచ్చిన దశలను వివరించగలుగుతారు.
• ఇంటి భాష, బడి భాష, ఇంగ్లీషు మధ్య ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• పఠనం, రచన, వ్యాకరణం అనే నైపుణ్యాల సాధనలో మన్యం విద్యార్థికి ఎదురయ్యే ఇబ్బందుల చారిత్రక కారణాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

1997 జులై 11న సుప్రీంకోర్టు ‘సమత’ కేసులో తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ వివాదం పుట్టింది అరకు లోయ పక్కనే ఉన్న అనంతగిరి మండలంలో, బొర్రా పరిసర గ్రామాల్లో. ఈ కొండల మీది నేల గురించి స్వాతంత్ర్యానంతరం వెలువడిన పత్రాల్లో ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి కనిపించదు. ఆ పత్రం ఇంగ్లీషులో ఉంది. ఆ నేల మీద బతుకుతున్నవారిలో చాలామంది దాని సంగతి ఇంకొకరు చెప్పగా వినవలసినవారే.

ఇంగ్లీషు చదవడం, రాయడం మన్యంలో ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఉద్యోగం సంగతి ఒకటైతే, తన ఊరి గురించి పైవాళ్ళు ఏమి రాశారో తానే చదువుకోగలగడం మరొకటి. అయితే ఉన్నత పాఠశాలలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చదివిన పిల్లలు కూడా పదో తరగతి ప్రశ్నపత్రం ముందు తడబడతారు. ఇందుకు పిల్లల అశ్రద్ధనో, ఉపాధ్యాయుల అలసత్వాన్నో కారణంగా చెప్పడం పరిపాటి. చరిత్ర పరిశీలిస్తే వేరొక కారణం కనిపిస్తుంది. మైదానంలోని తెలుగు పిల్లవాడికి ఇంగ్లీషు రెండో భాష. కొండ పిల్లవాడికి అది మూడోది, ఒక్కొక్కసారి నాలుగోది. మన బోధన పద్ధతులన్నీ ఇంగ్లీషును రెండో భాషగానే లెక్కవేసుకుని తయారయ్యాయి. ఈ పాఠంలో ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం.

2. కొండల మీది భాషలు

అరకు, పాడేరు పరిసరాల్లో భగత, కొండదొర, కోందు, కోటియా, గదబ, పోర్జ, వాల్మీకి మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. కోందుల భాష కువి. కొండదొరల పూర్వ భాష కూబి; దీనికే కొండ అని మరో పేరు. ఈ రెండూ ద్రావిడ భాషలు. అరకు ప్రాంతపు సంతల్లో వేర్వేరు తెగలవారు పరస్పరం మాట్లాడుకునేది ఎక్కువగా ఆదివాసీ ఒడియా. ఇది ఇండో ఆర్య భాష. ఇంకా ఉత్తరాన, శ్రీకాకుళం కొండల్లోని సవర భాష ముండా కుటుంబానికి చెందినది. అంటే కొద్ది దూరంలోనే మూడు భాషాకుటుంబాలు కలిసి ఉన్నాయి.

ఈ భాషల మీద పరిశోధన లేకపోలేదు. ఎఫ్.వి.పి. షుల్జె అనే మిషనరీ రాసిన కువి వ్యాకరణం 1911లో వెలువడింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1950లలో అరకు ప్రాంతంలో క్షేత్రపరిశోధన చేసి, కూబి భాషపై 1969లో గ్రంథం ప్రకటించారు. ఈ రెండు గ్రంథాలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పండితుల బల్ల మీదికి చేరిన ఈ జ్ఞానం బడిలోని నల్లబల్ల దగ్గరికి మాత్రం చాలాకాలం రాలేదు.

3. వలస పాలనలో ఇంగ్లీషు చదువు

1835లో మెకాలే నివేదిక, 1854లో ఉడ్ నివేదిక, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ స్థాపన మీకు ఇంతకుముందే పరిచయమైనవి. వీటి ఫలితంగా కోస్తా పట్టణాల్లో ఇంగ్లీషు పాఠశాలలు పెరిగాయి. కొండల పాలన మాత్రం వేరు. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టంతో ఈ ప్రాంతం సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పి, కలెక్టరే ఏజెంటుగా పాలించే ‘ఏజెన్సీ’ అయింది. మైదానపు చట్టాలు కొండెక్కలేదు. మైదానపు బడులూ పెద్దగా కొండెక్కలేదు.

ఆనాటి ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు నేర్పిన తీరును వ్యాకరణ అనువాద పద్ధతి అంటారు. ఉపాధ్యాయుడు ఒక వాక్యం చదివి, మాటకు మాట తెలుగు అర్థం చెప్పేవాడు. పిల్లలు సూత్రాలు వల్లించి, తెలుగు వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చేవారు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పే మన పాత అలవాటుతో ఇది సులభంగా కలిసిపోయింది. అందుకే మనవద్ద ఇంతకాలం నిలిచింది. ఈ పద్ధతికి పునాది తెలుగు. తెలుగు రానివాడికి ఇందులో అర్థం చెప్పే మాట కూడా అర్థం కావలసిన మాటే అవుతుంది.

4. గిడుగు వేసిన ప్రశ్న

ఈ చిక్కును మొదటగా గుర్తించినవారిలో గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) ముఖ్యులు. ఆయన పర్లాకిమిడిలో చరిత్ర బోధించే ఉపాధ్యాయులు. సంతకు వచ్చే సవరల మాట విని ఆసక్తితో వారి భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు తయారుచేశారు, బడులు నడిపారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది.

ఇదే కాలంలో ఇంగ్లీషు బోధనలోనూ ఒక మార్పు వచ్చింది. భాషను అనువాదం ద్వారా కాక, వాడుక ద్వారా, మాట నుంచి మొదలుపెట్టి నేర్పాలన్న ‘ప్రత్యక్ష పద్ధతి’ ఐరోపాలో బలపడింది. ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, తెలుగు వాచకాల భాష జనం మాట్లాడే భాషకు ఎందుకింత దూరంగా ఉందని అడిగాడు. విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు ఆ చర్చను వ్యావహారిక భాషోద్యమంగా మలిచారు.

వ్యావహారిక ఉద్యమాన్ని మనం సాధారణంగా తెలుగు సాహిత్య చరిత్రలో చదువుకుంటాం. నిజానికి అది బోధన చరిత్రలోనూ పెద్ద ఘట్టం. విద్యార్థికి తెలిసిన భాష నుంచి తెలియని భాషకు నడిపించాలన్నది దాని సారం. గిడుగు ఆ సూత్రాన్ని తెలుగు పిల్లలకూ, సవర పిల్లలకూ సమానంగా వర్తింపజేశారు. తరవాతివారు మొదటి సగాన్ని అందుకున్నారు; రెండో సగం మరుగునపడింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు.

5. స్వాతంత్ర్యానంతర దశ

మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగంలో చోటు దొరికింది. 1956లో చేరిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ఆ సౌకర్యం కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. ఆచరణలో మన్యంలో పెరిగినవి ఆశ్రమ పాఠశాలలు. 1970లలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, తరవాత గురుకులాలు వచ్చాయి. హాస్టలు ఉండడం వల్ల దూరపు గూడేల పిల్లలకు ఉన్నత పాఠశాల చదువు అందింది. ఇది గొప్ప మేలు. అయితే వాటి బోధన భాష తెలుగు. 1968 నాటి త్రిభాషా సూత్రం ప్రకారం తెలుగు, హిందీ, ఇంగ్లీషు నేర్చే పిల్లవాడికి ఇంటి భాషతో కలిపి లెక్క నాలుగయింది. లిపులు మూడు.

బోధన పద్ధతులు మాత్రం మారుతూ వచ్చాయి. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం దాని రూపాంతరమే. ఆ దశకాల్లో వాక్య నిర్మాణాలను సులభం నుంచి కష్టానికి వరుసపెట్టి, పదేపదే పలికించే నిర్మాణ పద్ధతి ప్రాబల్యంలోకి వచ్చింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారత పాఠశాలల్లో నడిపిన ‘బెంగళూరు ప్రాజెక్టు’ మరో అడుగు వేసింది. పటం చూసి దారి చెప్పడం, రైళ్ళ పట్టిక చదివి సమయం లెక్కించడం వంటి పనులు పిల్లలకు అప్పగిస్తే, అర్థం మీద దృష్టి ఉండగానే వ్యాకరణం లోపల స్థిరపడుతుందని ప్రభు వాదించారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తరవాత వచ్చిన వాచకాల్లో ఈ ఆలోచనల జాడ ఉంది.

6. మూడు నైపుణ్యాలు, మూడు చిక్కులు

పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష ప్రధానంగా పఠనావగాహన, పదజాలం–వ్యాకరణం, రచన అనే భాగాల మీద నడుస్తుంది. ఒక్కొక్కదాన్నీ మన్యం విద్యార్థి వైపు నుంచి చూద్దాం.

వ్యాకరణం: ‘హి’, ‘షి’, ‘ఇట్’ అనే మూడు సర్వనామాలు తీసుకోండి. తెలుగులో ‘అతను’, ‘ఆమె’, ‘అది’ వేర్వేరు కాబట్టి తెలుగు పిల్లలకు ఇవి త్వరగా పట్టుబడతాయి. కువి, కూబి భాషల్లో పురుషుడికి ఒక మాట, స్త్రీకీ వస్తువుకీ కలిపి ఒక మాట. ఒడియాలో స్త్రీపురుషులిద్దరికీ ఒకే సర్వనామం. కాబట్టి కువి పిల్ల ‘షి’, ‘ఇట్’ల దగ్గర, ఒడియా పిల్లవాడు ‘హి’, ‘షి’ల దగ్గర తడబడే అవకాశం ఎక్కువ. తప్పు ఒకేలా కనిపించినా మూలం వేరు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. ఒక సంప్రదింపు తరగతిలో కొండప్రాంతపు విద్యార్థి తన అవ్వ గురించి ఇంగ్లీషులో ఒక పేరా రాసి నాకు చూపించాడు. పేరా అంతా అవ్వను ‘హి’ అనే రాశాడు. ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ‘అశ్రద్ధ’ అని రాశాను. అతను మెల్లగా, “మా భాషలో ఇద్దరికీ ఒకటే మాటండి” అన్నాడు. అతని వాక్యాల్లో అవ్వ నడిచే తీరు, గంప మోసే తీరు కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. నేను వాటిని చూడలేదు, సర్వనామాలనే చూశాను. దిద్దవలసిన తప్పును దిద్దడం వేరు, దానికి అశ్రద్ధ అని పేరు పెట్టడం వేరు.

పఠనం: ఇంగ్లీషు పాఠాన్ని తెలుగు అర్థాలతో చెప్పినప్పుడు, కొత్త ఇంగ్లీషు మాటకు పుస్తకాల తెలుగు మాట జవాబుగా వస్తుంది. అది కూడా తెలియని విద్యార్థి రెంటినీ కంఠస్థం చేస్తాడు. గైడులోని జవాబు అప్పజెప్పగలడు. కొత్త పేరా ఇస్తే చదవలేడు. సంతలో తూకం, కాఫీ తోట, పోడు, అడవి దారి వంటి తెలిసిన విషయాల మీద పేరాలుంటే, తెలియని మాటను సందర్భాన్నిబట్టి ఊహించే అలవాటు ఏర్పడుతుంది. పఠనమంటే ఆ ఊహే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పొట్లం మీది ఇంగ్లీషు అక్షరాలు, కాఫీ పళ్ళు కోసే ఇంటి పిల్లలకు మంచి పాఠం కాగలవు.

రచన: ఊరికి నీటి కుళాయి కావాలని అధికారికి ఉత్తరం రాయమంటారు. తెలుగులోనూ, కువి, కూబి భాషల్లోనూ ‘మేము’, ‘మనం’ అనే తేడా ఉంది. ఇంగ్లీషు ‘వి’కి ఆ తేడా లేదు. ఉత్తరం చదివేవారు తమలో కలుస్తారా లేదా అన్నది కొండ పిల్లలకు భాషలోనే తెలుస్తుంది. ఇంగ్లీషులో దాన్ని వేరే మాటలతో చెప్పాలి. ఇంటి భాష ఇక్కడ అడ్డు కాదు, ఆలోచనకు పనిముట్టు. తేడాను ఉపాధ్యాయుడు ఎత్తిచూపితే చాలు.

7. ఇటీవలి పరిణామాలు

గిడుగు వదిలిన రెండో సగాన్ని ప్రభుత్వం 2004–05 ప్రాంతంలో తిరిగి చేతబట్టింది. సర్వశిక్షా అభియాన్ కింద సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామీ, బంజారా భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఇంటి భాషతో మొదలై క్రమంగా తెలుగుకు, ఇంగ్లీషుకు వెళ్ళడం ఈ బహుభాషా విద్య ఉద్దేశం. ఇది ప్రాథమిక తరగతులకే పరిమితమైంది.

2020 ఏప్రిల్‌లో వారం తేడాతో రెండు తీర్పులు వచ్చాయి. ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019లో ఇచ్చిన ఉత్తర్వులను ఏప్రిల్ 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. దీనిపై రాష్ట్రమంతా చర్చించింది. ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి మూడో నంబరు జీవో రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికే జరిగిన నియామకాలకు షరతులతో రక్షణ ఇచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లుతుందా అన్నది న్యాయశాస్త్ర ప్రశ్న. మన పాఠానికి సంబంధించినంతవరకు, పిల్లల ఇంటి భాష తెలిసిన ఉపాధ్యాయుడు తరగతిలో ఉంటాడా అన్న ప్రశ్నా అందులో ఇమిడి ఉంది. మాధ్యమం ఏదైనా, ఆ ప్రశ్న పోదు.

తరవాత ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మైదానపు పిల్లలకు ఎదుటి పేజీ చేయూత. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కువి మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఎదుటి పేజీ కూడా నేర్చుకోవలసిన పేజీయే.

8. సారాంశం

వ్యాకరణ అనువాదం నుంచి ద్విభాషా పుస్తకాల వరకు పద్ధతులు మారాయి; తెలుగు అందరికీ ఇంటి భాషే అన్న ఊహ మాత్రం మారలేదు. మన్యం విద్యార్థికి ఇంగ్లీషు వద్దనడం పరిష్కారం కాదు. సమత తీర్పు ఆ మాట అననివ్వదు. ఇంటి భాష, తెలుగు, ఇంగ్లీషు అనే మూడు మెట్లనూ లెక్కలోకి తీసుకుని పఠనం, రచన, వ్యాకరణం సాధన చేయించడమే చరిత్ర సూచించే మార్గం. మీలో ఉపాధ్యాయులుగా పనిచేస్తున్నవారు, కొండప్రాంతాల నుంచి వచ్చినవారు ఉంటారు. మీ ఇంట్లో మొదట ఇంగ్లీషు చదివినవారు ఎవరో, ఎక్కడ, ఎలా నేర్చుకున్నారో అడిగి రాసిపెట్టండి. ఈ చరిత్రలో ఇంకా రాయని భాగం అదే.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది వాటికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తూర్పు కనుమల గిరిజన ప్రాంతంలో ఇంగ్లీషు బోధన పరిణామాన్ని వివరించండి.
2. గిడుగు రామమూర్తి సవర భాషాకృషికీ, వ్యావహారిక భాషోద్యమానికీ ఉన్న సంబంధాన్ని చర్చించండి.

II. ఈ క్రింది వాటికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వ్యాకరణ అనువాద పద్ధతి
2. బహుభాషా విద్య
3. సర్వనామాల వాడుకలో ఇంటి భాష ప్రభావం