మిశ్రమ పదార్థాలపై వడగళ్ల దెబ్బ

కార్బన్ లేదా గాజు పోగులను రెజిన్‌తో పొరలుగా అతికించి చేసిన పలకలకు వడగళ్లు తగిలి కలిగే నష్టం. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఇలాంటి పదార్థాలే కావడంతో దీని మీద శ్రద్ధ పెరిగింది.

అల్యూమినియం రేకు సొట్టపడి దెబ్బను బయటపెడుతుంది. కార్బన్ పలక వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. పైన గీతైనా మిగలకపోవచ్చు. లోపల రెజిన్ పగిలి, పొరల మధ్య అతుకు వీడుతుంది. చిక్కంతా ఇక్కడే. అలాంటి పలక లాగుడును చాలావరకు ఓర్చుకున్నా, నొక్కుడుకు లోనైతే వీడిన పొరలు దేనికది వంగిపోయి ముందే విరుగుతుంది. తేనెపట్టు గదుల మీద పలుచని పొర కప్పిన పలకల్లో, పైపొర తిరిగి లేచినా కింది గదులు నలిగే ఉంటాయి.

వడగల్లు వ్యాసం రెట్టింపైతే బరువు 8 రెట్లు. పడే వేగమూ పెరుగుతుంది గనుక తాకిడి శక్తి సుమారు 16 రెట్లవుతుంది. ఎగిరే విమానానికైతే రాలే వేగం కంటే సొంత వేగమే ప్రమాదకరం. సెకనుకు 80 మీటర్లు దాటే గాలిమర రెక్కల కొసలదీ ఇదే పరిస్థితి. కాకపోతే మంచు తాకగానే తానూ పిండైపోతుంది. అందుకే అంతే శక్తితో తగిలే ఉక్కు గుండు కంటే దీని హాని సాధారణంగా తక్కువ.

ప్రయోగశాలల్లో వాయు తుపాకీతో మంచు గుండ్లు పేలుస్తారు. పేలే క్షణంలో చిట్లకుండా కొన్నిటిలో దూది కలిపి గడ్డకట్టిస్తారు. దాగిన నష్టాన్ని అల్ట్రాసౌండ్‌తో వెతుకుతారు. పలుచని పలకలను నాణెంతో తట్టి, బోలు శబ్దాన్ని బట్టి పసిగట్టడం ఇప్పటికీ ఉంది. మందపాటి వాటిలో లోతుగా వీడిన పొరలు ఆ చెవికి అందవు.