మూసారాము: ఫిరంగులు పోయించిన పరాసు దొర

గోదావరి మండలము వారికి ఫ్రెంచివారు క్రొత్తవారు కారు. గౌతమీ తీరమున నున్న యానాము 1954వ సంవత్సరము వరకు వారి యేలుబడిలోనే యుండెను. మన పూర్వులు వారిని పరాసులని పిలిచెడివారు. బుస్సీ దొర పేరు బొబ్బిలి కథ చెప్పెడి జంగముల వలన పల్లెపల్లెకును తెలిసినది. కాని ఆ బుస్సీ కడ కొలువు చేసి, పిమ్మట హైదరాబాదు రాజ్యమున ఫిరంగుల కార్ఖానాలు నెలకొల్పి, వేలకొలది సిపాయీలకు అధిపతియై, అక్కడనే కన్నుమూసిన రేమండు దొర చరిత్రము ఈ ప్రాంతమున అంతగా వినబడదు. ఆతని జీవితమునకును, తెలుగుదేశము ముక్కలై పంచుకొనబడుటకును దగ్గర సంబంధము కలదు. కావున అది తెలిసికొనదగిన చరిత్రము.

ముందుగా కొంత పూర్వకథ చెప్పవలసియున్నది. 1753లో దక్కను సుబేదారగు సలాబతుజంగు, తన్ను గద్దెపై నిలిపిన బుస్సీ సైన్యమునకు జీతముల క్రింద కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను వ్రాసియిచ్చెను. రొక్కము చెల్లింపజాలని ప్రభువు భూమిని చెల్లించును. భూమి చేతికి వచ్చినవాడు కొలది కాలమునకే తానే ప్రభువగును. ఇదియే ఆ శతాబ్దపు రాజకీయ సూత్రము. 1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున చందుర్తి కడ జరిగిన యుద్ధమున, విజయనగర ప్రభువు ఆనందరాజు తోడ్పడగా, ఫోర్డు నడపిన ఇంగ్లీషు సేన ఫ్రెంచి సేనానియగు కాన్‌ఫ్లాను నోడించెను. మరుసటి సంవత్సరమున బందరు కోట కూడ వారికి దక్కెను. 1766లో నిజామలీఖాను కుంఫిణీ వారితో సంధి చేసికొని సర్కారులను వారికి ఒప్పగించెను. అంతటితో ఆ రాజ్యమునకు సముద్రతీరము దాదాపు లేకపోయెను. ఇక మిగిలిన భూమినైనను నిలుపుకొనవలెనన్న మంచి సైన్యమును, మంచి ఆయుధములును కావలెను. ఆ యక్కరయే రేమండును పైకి తెచ్చినది.

మిషెల్ జొయాకిమ్ మరీ రేమండు 1755లో ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున గాస్కనీ సీమలోని సెరిన్యాకు అను గ్రామమున ఒక వర్తకుని యింట జన్మించెను. 1775లో ఇరువదియేండ్ల ప్రాయమున వ్యాపారము చేయు తలంపుతో పుదుచ్చేరికి వచ్చెను. అయితే ఆ కాలమున దక్షిణాపథమున త్రాసుకంటె కత్తికే గిరాకి హెచ్చు. ఆతడు మైసూరు హైదరలీ కొలువులో నున్న ఫ్రెంచి దళమున చేరి యుద్ధవిద్య నేర్చెను. 1783లో వృద్ధుడైన బుస్సీ మరల ఈ దేశమునకు రాగా, ఆతని కడ అంగరక్షక పదవిని పొందెను. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో మరణించెను. ఆ మరుసటి యేట, అనగా 1786లో, రేమండు నిజామలీఖాను కొలువున ప్రవేశించెను.

ఆ ప్రవేశము ఎంత స్వల్పముగా జరిగినదో చూడుడు. మొదట ఆతని క్రింద నున్నవారు మూడువందల మంది మాత్రమే. వారికి తుపాకులైనను లేవు. తన దేశీయుడైన యొక వర్తకుని యొద్ద, తుపాకి ఒక్కింటికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చెనని చెప్పుదురు. లెక్క చూచినచో మూడువందల తుపాకులకు నెల కద్దె నూటయేబది రూపాయలు. సంతలో కాడెద్దులను అద్దెకు తెచ్చుకొన్న కౌలుదారువలె ఆతడు సేనాధిపత్యము నారంభించెను. పండ్రెండేండ్లు తిరుగకమునుపే ఆ మూడువందలు పదివేలు దాటెను. తుదకు పదునాలుగువేలకు చేరెనని ఆనాటి ఇంగ్లీషువారే వ్రాసికొనిరి.

అద్దె ఆయుధములతో రాజ్యము నిలువదని రేమండునకు తెలియును. కావున ఆతడు హైదరాబాదున ఫిరంగులను పోయుటకును, తుపాకులను చేయుటకును కార్ఖానాలను నెలకొల్పెను. వానిలో ఫతేమైదానము సమీపమున నున్నది ప్రసిద్ధమైనది. దానిని జనులు తోప్ కా సాంచా యనిరి. ఫిరంగి మూస యని దాని యర్థము. ఇటుకలతో కట్టిన ఆ కార్ఖానా గోడలు కొన్ని ఇటీవలి కాలము వరకును నిలిచియున్నవి. ఆ పేటకు నేటికిని గన్‌ఫౌండ్రీ యనియే పేరు.

కంచు ఫిరంగిని పోయుట తేలికైన పని కాదు. కంచులో రమారమి తొమ్మిది పాళ్లు రాగియు, ఒక పాలు తగరమును ఉండవలెను. తగరము తగ్గినచో లోహము మెత్తనై గుండ్ల ధాటికి గొట్టము లోపల చెడును. హెచ్చినచో పెళుసై పగులును. బంకమన్నును పేడతోను వెండ్రుకలతోను మర్దించి, మూస కట్టి, ఆరబెట్టి, కాల్చి, గోతిలో నిలువుగా నిలిపి, కరగిన లోహమును ఎడతెగక పోయవలెను. మలినములు పైకి తేలుటకై మూతివైపున కొంత లోహమును అదనముగా పోసి, ఆరిన పిమ్మట దానిని కోసివేయుదురు. మూసలో తడి యున్నను, లోహములో గాలిబుడగ నిలిచినను, ఆ ఫిరంగి శత్రువునకంటె ముందు తనను ప్రేల్చినవానినే చంపును. దేవాలయములకు గంటలను, ఇండ్లకు గుండిగలను పోసిన చేతులకు ఈ విద్య పూర్తిగా పరాయిది కాదు. కాని ఒకే కొలత గల గొట్టములను వరుసగా చేయుట, ఏ గుండైనను ఏ ఫిరంగికైనను సరిపోవునట్లు కూర్చుట అను క్రమశిక్షణ యూరపు నుండి వచ్చినది. తుపాకులకు వత్తి బదులు చెకుముకి రాయి, మొనకు సంగీను వచ్చెను. 1796లో నిజాము రేమండును ఆయుధశాలల కెల్ల అధికారిగా నియమించి బిరుదుల నొసగెను. ఆతని సైన్యపు ఖర్చులకు మెదకు సీమ ఆదాయము ఒప్పగింపబడెను. బుస్సీ నాటి సర్కారుల కథ మరల మొదలైనట్లే యాయెను.

ఆ సైన్యమునకు పెద్ద పరీక్ష 1795 మార్చి 11వ తేదీన ఖర్దా కడ వచ్చెను. అది నేటి మహారాష్ట్రములోనిది. మహారాష్ట్ర సర్దారులందరు ఒక్కటై నిజాముపైకి వచ్చిరి. ఆతని కొలువున నున్న ఇంగ్లీషు పటాలములు మహారాష్ట్రులపై పోరాడ రాదని గవర్నరు జనరలు సర్ జాన్ షోరు నిషేధించెను. రేమండు సిపాయీలు మాత్రము నిలిచి పోరాడిరి. కాని నిజాము తన రాణివాసముతో ఖర్దాలోని చిన్న కోటకు తరలిపోవుటచే, ఆతని యాజ్ఞ ననుసరించి వారును వెనుకకు మరలవలసి వచ్చెను. త్రాగుటకు నీరైనను చాలని ఆ కోటలో చిక్కి నిజాము సంధి కొప్పుకొనెను. మూడు కోట్ల రూపాయల పరిహారమును, కొన్ని సీమలును ఇచ్చుటకును, మంత్రి అజీముల్‌ఉమరాను జామీనుగా అప్పగించుటకును అంగీకరించెను. ఫిరంగులు మంచివైనంత మాత్రమున యుద్ధము గెలువబడదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కర లేదు.

కోపించిన నిజాము ఇంగ్లీషు పటాలములను పంపివేసెను. ఇంతలో ఆతని కుమారుడు అలీజా తిరుగుబాటు చేయగా, రేమండు వెంబడించి పట్టుకొనెను. తండ్రి ముఖము చూడజాలక అలీజా దారిలోనే ప్రాణము తీసికొనెను. ప్రభుభక్తిలో రేమండు తన మాట నిలుపుకొన్నాడు. కాని ఆ భయముచే నిజాము పంపివేసిన ఇంగ్లీషు పటాలములనే మరల పిలిపించెను. రేమండు దళములు ఫ్రెంచి విప్లవపు మూడు వన్నెల జెండాను ఎత్తుచుండుట కుంఫిణీవారికి కంటిలో నలుసయ్యెను.

1798 మార్చి 25వ తేదీన రేమండు మరణించెను. వయస్సు నలువది మూడేండ్లకు మించలేదు. ఆతని స్థానమునకు వచ్చిన పిరాను దొరకు ఆ ప్రతిభ లేదు. సెప్టెంబరు 1వ తేదీన నిజాము కుంఫిణీతో క్రొత్త సంధి చేసికొనెను. ఆరువేల ఇంగ్లీషు సిపాయీలను పోషించుటకు ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించుటకును, ఫ్రెంచి దళమును రద్దు చేయుటకును ఒప్పుకొనెను. అందుకై కర్నలు రాబర్ట్సు సేన గుంటూరు సీమ నుండి బయలుదేరెను. ఆ గుంటూరు సర్కారును పదేండ్ల క్రిందట, 1788లో, నిజామే కుంఫిణీకి ఒప్పగించియుండెను. తన చేతులతో ఇచ్చిన భూమి నుండియే తన సైన్యమును కూల్చు సైన్యము వచ్చెనన్నమాట.

అక్టోబరు 22వ తేదీన ఆ పదివేలకు పైబడిన సిపాయీలు ఆయుధములు దించిరి. ఒక్క నెత్తురు చుక్కయైనను నేల పడలేదు. కారణము గమనింపదగినది. అంతకుముందే వారు జీతముల బాకీకై తమ దొరల నెదిరించి, వారిని నిర్బంధించియుండిరి. ఇంగ్లీషు దూతయగు మాల్కము బాకీ చెల్లింపబడునని నమ్మబలుకగా వారు తుపాకులు క్రింద పెట్టిరి. నెలకు ఎనిమిది అణాల అద్దెతో మొదలైన సైన్యము జీతపు బాకీతో ముగిసినది. నడుమ పోసిన కంచు ఫిరంగులు, చూపిన శౌర్యము, గడించిన బిరుదులు ఏవియు ఆ లెక్కను మార్చలేకపోయెను.

దాని ఫలమును అనుభవించినవారు తెలుగువారే. 1800లో నిజాము ఆ సహాయక సైన్యపు ఖర్చు క్రింద బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలను కుంఫిణీకి ఇచ్చివేసెను. అవియే దత్తమండలములు, తరువాత రాయలసీమ. సర్కారులకై కుంఫిణీ ఏటేట చెల్లించుచుండిన పేష్కషు 1823లో ఒకేసారి రొక్కముగా ముట్టజెప్పబడెను. అంతటితో గోదావరి సీమకును హైదరాబాదునకును నడుమ నున్న చివరి లెక్కయు తెగినది. తెలుగువారు మరల ఒక రాష్ట్రమువారగుటకు 1956 వరకు వేచియుండవలసి వచ్చెను. 2014లో తెలంగాణము వేరు రాష్ట్రమైన పిమ్మట ఆ కార్ఖానా నేల ఆ రాష్ట్రమున చేరినది.

రేమండు సమాధి హైదరాబాదున సరూరునగరము కడ ఒక గుట్టపై నున్నది. నల్లరాతి స్తంభమును, దాని సమీపమున ఒక మండపమును కలవు. 2001లో వానలకు మండపము కూలగా మరల కట్టించిరి. ఫ్రెంచి భాషలో దొరగారు అనుటకు మొస్యే యందురు. ఆ మాటయే జనుల నోట మూసా యయ్యెను. మహమ్మదీయులు ఆతనిని మూసా రహీమనిరి, హిందువులు మూసారామనిరి. ఆతని వర్ధంతినాడు ఉభయులును సమాధి కడ దీపములు పెట్టి ధూపము వేయుచుండిరి. మూసారాంబాగు అను పేట ఆ పేరిటిదే. ఇపుడు మెట్రో రైలు నిలుచు తావునకు కూడ ఆ పేరే పెట్టిరి.

మనుష్యులను చంపు సాధనములను చేయించినవాని సమాధికి దీపము పెట్టుట వింతగా తోచవచ్చును. కాని జనులు పూజించినది ఫిరంగిని కాదు. పరదేశమునుండి వచ్చి, ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయక, ఆ నేలలోనే కలిసిపోయిన మనిషిని వారు మరువలేకపోయిరి. ఇక ఏలికలు నేర్చుకొనవలసిన పాఠము వేరొకటి కలదు. నేర్పును కొనితేవచ్చును, దానిని నేర్పించి తన బిడ్డల చేతిలో పెట్టుకొననిచో అది అద్దె వస్తువే. ఆ కార్ఖానాలను నడపినవాడు పోగానే ఆ బలము పోయెను. రాజ్యపు ఆయుధమునకు నిజమైన యజమాని దానిని తయారుచేయ నేర్చిన ప్రజ. ఆ నేర్పునకు పునాది చదువు. ఊరూర గ్రంథాలయములు వెలసిన కాలమున ఈ సంగతి మరల చెప్పనక్కర లేదు.