పొటాష్ జాడ పట్టిన తీగ

వరి పీల్చుకున్న పొటాష్‌లో గింజలోకి పోయేది కొంతే, మిగతాది చాలావరకు గడ్డిలోనే ఉండిపోతుంది. ఆ గడ్డినో, కట్టెనో చాలీచాలని గాలిలో మండించి గ్యాస్ తీసి, దాంతో టర్బైన్ తిప్పుదామనుకుంటే అక్కడ మొదలవుతుంది తంటా. ఆ వేడికి పొటాషియం క్లోరైడ్ ఆవిరై గ్యాస్ వెంటే వస్తుంది. టర్బైన్ రెక్కలకు పట్టి లోహాన్ని తినేస్తుంది. పది లక్షల పాళ్ల గ్యాస్‌లో ఒక్క పాలున్నా ఎక్కువే.

1990లలో స్వీడన్‌లోని వేర్నమోలో కట్టె గ్యాస్‌తో 6 మెగావాట్ల కరెంటు తీశారు. గ్యాస్‌ను 350–400 డిగ్రీలకు చల్లార్చితే పొటాషియం ధూళిమీద పేరుకుంటుంది, ఆ ధూళిని వడకట్టేయొచ్చు. మరి వడపోతను తప్పించుకుని ఎంత పోతోందో తెలిసేదెలా? గ్యాస్‌ను సీసాల్లోని ద్రవం గుండా బుడగలుగా పంపి, ఆ ద్రవాన్ని ల్యాబులో పరీక్షించడం పాత పద్ధతి. చేతికొచ్చేది ఏ కొన్ని గంటల సగటో. మధ్యలో ఒక్క నిమిషం పొటాషియం ఎగదన్నినా ఆ సగటులో కనబడదు.

దీనికి విరుగుడు ఎప్పుడో 1923లోనే, అదీ బల్బులు చేసే జనరల్ ఎలక్ట్రిక్ వారి ల్యాబులో దొరికింది. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, కెన్నెత్ కింగ్‌డన్ ఎర్రగా కాలిన టంగ్‌స్టన్ తీగకు సీజియం ఆవిరి తగలనిచ్చారు. తగిలిన పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను తీగకు వదిలేసి, ధనావేశంతో బయటపడింది. పక్కన రుణావేశపు పలక పెడితే చాలు, ఆ పరమాణువులన్నీ కరెంటుగా లెక్కకొస్తాయి. కట్టె గ్యాస్ ఊసే లేని పరిశోధన ఇది!

టంగ్‌స్టన్ వేడిమీద గాలి తగిలితే పాడవుతుంది, పైగా గ్యాస్‌లో పొటాషియంతో పాటు వచ్చే సోడియం దానికి అంత తేలిగ్గా ఎలక్ట్రాన్ ఇవ్వదు. ప్లాటినంతో ఈ రెండు ఇబ్బందులూ లేవు. స్వీడన్‌లోనే గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు ప్లాటినం తీగతో పరికరం కట్టి, బయోమాస్ నుంచి వచ్చే వేడి వాయువుల్లోకి దించారు. పొటాషియం క్లోరైడ్ తీగమీదే విడిపోతుంది, పొటాషియం అయానుగా లేస్తుంది, మీటరు ముల్లు అప్పటికప్పుడే కదులుతుంది.

నా లెక్కన ఇది సగం విజయమే. వచ్చింది సోడియమో పొటాషియమో తీగ విడదీసి చెప్పలేదు. గ్యాస్‌లో వచ్చే సీసం, జింకు, కాడ్మియం దానికి అసలే పట్టవు. వాటికోసం గ్యాస్‌ను వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపి, ఏ మూలకం ఏ రంగు వెలుగిస్తోందో చూడాలి. అది ఖరీదైన పని. అందుకే ఆ పాత సీసాలకు ఇంకా పని తప్పలేదు.