ఎనభై ఏండ్లకు దక్కిన పతకము

యుద్ధచరిత్రలు వ్రాయువారు సేనాపతుల పేర్లు ముందు వ్రాస్తారు. తుపాకి పట్టినవారి పేర్లు తరువాత వస్తాయి. గాయపడినవానికి కట్టు కట్టినవాని పేరు చాలాసార్లు రానే రాదు. అట్టివాడొకని చరిత్రను ఈ ఉగాది సంచికలో మన షోలాపురం తెలుగు కుటుంబాలవారికి విన్నవింపదలచినాము. మన ఊళ్ళో పుట్టిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో చైనాకు వెళ్ళి, యుద్ధంలో గాయపడినవారికి చికిత్స చేస్తూ 1942లో అక్కడే కన్నుమూసినారు. అందుచేత ఈ కథ దూరదేశపుదైనా మనకు పరాయిది కాదు.

ఆయన పేరు వేవర్లీ ఉడ్సన్. 1922లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నల్లజాతి కుటుంబంలో పుట్టినాడు. వైద్యుడు కావలెనని చదువుతూ, యుద్ధం రాగా చదువు మాని సైన్యంలో చేరినాడు. ఫిరంగిదళపు అధికారి శిక్షణలో ఉత్తీర్ణుడైనా నల్లవానికి ఆ పదవి దొరకలేదు, వైద్యసహాయకుడైనాడు. ఆ రోజులలో అమెరికా సైన్యంలో తెల్లవారి దళాలు వేరు, నల్లవారి దళాలు వేరు. ఆ భేదం కూడదని ప్రెసిడెంటు ట్రూమన్ ఉత్తరువు 1948లో గాని రాలేదు. ఉడ్సన్ పనిచేసినది 320వ బెలూను దళంలో. శత్రువిమానాలు క్రిందికి దిగి కాల్చకుండా, ఇనుపతీగెలకు కట్టిన పెద్ద బెలూన్లను ఆకాశంలో నిలపడం ఆ దళం పని.

1944 జూన్ 6వ తేదీన మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరంలో దిగినవి. అందులో ఒమాహా అని పేరు పెట్టిన రేవులో నెత్తురు ఏరులై పారినది. ఉడ్సన్ ఎక్కిన పడవ ఒడ్డు చేరకముందే దెబ్బతిన్నది. ఆయన తొడలో ఇనుపముక్కలు దిగినవి. అయినను ఒడ్డు చేరి, ఒక గట్టు చాటున చికిత్సాస్థలం ఏర్పాటు చేసినాడు. తూటాలు తీసినాడు, కట్లు కట్టినాడు, ప్లాస్మా ఎక్కించినాడు, ఒకని పాదం తీసివేయవలసి వచ్చినది. నీట మునిగిన నలుగురికి ఊపిరి తెప్పించినాడు. తానే గాయపడి ఉండి ముప్పది గంటలపాటు ఈ పని చేసినాడు. ఆయన చేయి తగిలినవారు ఇన్నూరుమందికి తక్కువ లేరు. వారిలో తెల్లవారు, నల్లవారు అందరూ ఉన్నారు. చివరకు సొమ్మసిల్లి పడిపోగా ఆసుపత్రి ఓడకు చేర్చినారు.

ఇందుకు ఆయనకు దక్కినది బ్రాంజ్ స్టార్, గాయపడినందుకు పర్పుల్ హార్ట్. అంతకంటె పెద్ద పతకానికి సిఫార్సు జరిగినదని 1944 నాటి ప్రభుత్వపు చీటీ ఒకటి చెప్పుచున్నది. పై అధికారి కార్యాలయం సర్వోన్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్‌కే తగునన్నదట. ప్రెసిడెంటు స్వయంగా ఇవ్వవచ్చునన్న మాట కూడ అందులో ఉన్నది. కాని ఆ పతకం రాలేదు. ఆ యుద్ధానికి నాలుగువందలకు పైగా మెడల్ ఆఫ్ ఆనర్‌లు ఇచ్చినారు; 1997 వరకు వాటిలో నల్లవానిది ఒక్కటీ లేదు.

1990 తరువాత ప్రభుత్వం ఈ అన్యాయాన్ని విచారింపజేసినది. 1997లో ఏడుగురు నల్లసైనికులకు ఆ పతకమిచ్చినారు. అప్పటికి వారిలో బ్రతికియున్నది ఒక్కరే. ఉడ్సన్ పేరు అందులో లేదు, కారణం కాగితాలు దొరకకపోవడం. 1973 జూలైలో సెయింట్ లూయీ నగరంలోని సైనిక రికార్డుల భవనం అంటుకొని, 1912 మొదలు 1960 వరకు సైన్యం విడిచినవారి ఫైళ్ళలో నూటికి ఎనభై బూడిద అయినవి. ప్రభుత్వపు ఇంట్లో కాలిన కాగితాన్ని తెమ్మని సైనికుని కుటుంబాన్ని అడిగినట్లయినది.

ఉడ్సన్ 2005లో మరణించినాడు. ఆయన భార్య విసుగు చెందక అర్జీలు పెట్టినది. చరిత్ర వ్రాసేవారు, శాసనసభ్యులు ఆమెకు తోడు నిలిచినారు. తుదకు 2024 జూన్‌లో, ఎనభై ఏండ్లకు, సైన్యంలో రెండవ గొప్పదైన డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఆయన పేర ప్రకటించినారు. అది అందుకొనుటకు ఆయన లేడు.

సేవ చేసినవానికి పతకమెందుకని కొందరు అడుగవచ్చును. కోట్నీస్‌గారు పతకం కోరి చైనా వెళ్ళలేదు; ఉడ్సన్ కూడ పతకం కోరి కట్టు కట్టలేదు. నిజమే. కాని ఒకే తీరంలో ఒకే పనికి ఒకరిని మెచ్చి, మరొకరిని వర్ణం చూచి మరచినప్పుడు, పతకమడగడం ఆశ కాదు, న్యాయం. అది పోయినవాని కొరకు కాదు, ఉన్నవారి లెక్క సరిచేయుటకు.

రైల్వేలో గుమాస్తాపని చేయువారము గనుక కాగితం విలువ మాకు కొంత తెలియును. ఫైలులో లేని సేవ జరగని సేవ క్రిందనే లెక్క. ఊరు విడిచి వచ్చిన మనకు ఈ మాట మరింత వర్తిస్తుంది. మన తాతలు మగ్గాల మీద, మిల్లులలో, రైలు పట్టాల మీద, పటాలాలలో చేసిన పని మన నోటి మాటలోనే ఉన్నది. ఈ ఉగాదికి ప్రతి ఇంటివారు పెట్టె తెరచి, పెద్దల సర్వీసు పుస్తకాలు, డిశ్చార్జి కాగితాలు, ఫోటోలు తీసి నకళ్ళు వేరొకచోట భద్రపరచవలెను. లేనివారు పెద్దలను కూర్చుండబెట్టి అడిగి, తేదీ వేసి వ్రాసికొనవలెను. పచ్చడి తిని పంచాంగం విన్న తరువాత ఆ ఒక్క పని చేసినా సంవత్సరారంభం సార్థకమగును.