సెన్‌స్టర్ చరిత్ర: కంప్యూటరు కళలో యాజమాన్య సమస్య

కంప్యూటరు కళను గూర్చి రాసేవారు తరచుగా ఒక మాట అంటుంటారు: పూర్వం ప్రేక్షకుడు చేతులు కట్టుకొని చూచేవాడు, ఈ కళ అతణ్ణి భాగస్వామిని చేసింది అని. ఈ మాటలో సత్యం లేకపోలేదు. అది ఎంతవరకు సత్యమో తేల్చుకోవాలంటే ఈ కళ తొలినాళ్లకు పోవాలి. అందుకు సెన్‌స్టర్ అనే శిల్పం కంటె తగిన ఉదాహరణ నాకు కనబడదు.

దీని నిర్మాత ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్. 1926లో పోలెండులో పుట్టి, యుద్ధం తరిమితే దేశాలు దాటి బ్రిటన్ చేరుకొన్నవాడు. 1968లో లండన్‌లో జరిగిన "సైబర్నెటిక్ సెరెండిపిటీ" ప్రదర్శనలో ఆయన శామ్ అనే చిన్న శిల్పాన్ని పెట్టాడు. వెన్నెముక వంటి కాండం, పువ్వు వంటి తల. ఎవరైనా మెల్లగా మాట్లాడితే ఆ తల అటు తిరిగేది. దానికి కంప్యూటరు లేదు. ఆ తరువాత ఫిలిప్స్ కంపెనీ, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నగరంలో తాను నెలకొల్పిన ఎవొలువాన్ ప్రదర్శనశాల కోసం పెద్ద శిల్పాన్ని చేయించుకొంది. 1970లో అక్కడ నిలబెట్టిన సెన్‌స్టర్ అదే.

సుమారు 15 అడుగుల పొడవున్న ఉక్కు గొట్టాల అస్థిపంజరం. నూనె ఒత్తిడితో కదిలే కీళ్లు. తలలో మైక్రోఫోన్లు, కదలికలను పసికట్టే రాడారు. వెనుక ఒక ఫిలిప్స్ కంప్యూటరు. ఈనాటి చేతిగడియారంలో ఇమిడే శక్తిలో వెయ్యోవంతు కూడా దానికి లేదు. మెల్లగా పలకరిస్తే సెన్‌స్టర్ తల దగ్గరకు వచ్చేది. గట్టిగా అరిచినా, చేతులు విసిరినా బెదరి వెనక్కు పోయేది. అంతే. అయినా జనం దాన్ని ప్రాణిగా చూశారు. ఆ వింతకు కారణాన్ని ఇహ్నాటోవిచ్ దాచలేదు. తన ప్రోగ్రాము చాలా సరళమైనదనీ, ఆ హాలులో శబ్దం ప్రతిధ్వనించే తీరూ, జనం ఊహకందని ప్రవర్తనా కలిసి దాని చలనాలను అంత జటిలంగా కనబరిచాయనీ ఆయన గ్రహించాడు. అనగా ఆ కళాఖండంలోని జీవం సగానికి పైగా ప్రేక్షకులదే! మన ఆలంకారికులు సహృదయునికిచ్చిన స్థానాన్ని ఇక్కడ ఉక్కు కూడా ఇవ్వక తప్పలేదు.

అయితే ఆ సగానికి హక్కు ఏది? బొమ్మలాటలో దారం ఎవరి చేతిలో ఉందో చూసేవాడికి తెలుసు. ఇక్కడ దారం తన చేతిలోనే ఉందని ప్రేక్షకుడు భ్రమపడ్డాడు. 1974లో కంపెనీ సెన్‌స్టర్‌ను విప్పించివేసింది. దానితో మాట్లాడినవారిని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ చట్టరీత్యా లేదు. యంత్రం కంపెనీ సొత్తు. ఆ తరువాత దశాబ్దాలపాటు, కోలెన్స్‌ప్లాట్ అనే డచ్చి గ్రామంలో ఆరుబయట, కదలని ఎముకలగూడుగా నిలబడి ఉంది. అటకమీద పడవేసిన చిత్రపటం చిత్రపటంగానే ఉంటుంది. కంప్యూటరు తీసివేసిన సెన్‌స్టర్ మాత్రం ఉక్కు, అంతే.

ఉత్పత్తి సాధనాలు ఎవరివన్న పాత ప్రశ్న కళాభవనంలోకి ఇలా నడిచి వచ్చింది. ఇది దూరదేశపు ముచ్చట అనుకోవటానికి వీలులేదు. యూనికోడు వాడుకలోకి రాకపూర్వం మన తెలుగు వెబ్ పత్రికలు చాలావరకు సొంత ఫాంటులతో నడిచాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆనాటి వ్యాసాన్ని తెరిచి చూడండి, అర్థం లేని గుర్తుల వరుస కనబడుతుంది. తాళపత్రాన్ని చెదలు తింటాయి గాని, చెదల దయవల్ల మిగిలినది చదవటానికి మరొకరి అనుమతి అక్కరలేదు.

2017లో ఆ ఎముకలగూడు పోలెండులోని క్రాకో నగరానికి, అక్కడి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయానికి చేరింది. 2018లో మళ్లీ కదిలింది. కొత్త నియంత్రణ పరికరాలతో కదిలేది అసలు సెన్‌స్టర్ ఎలా అవుతుందని పెదవి విరిచేవారుంటారు. వారి వాదం నాకు రుచించదు. జనంలేని హాలులో పాత కంప్యూటరు ఒక్కటే ఉన్నా అది సెన్‌స్టర్ కాదు గదా. చిక్కు మరొకచోట ఉంది. ఇహ్నాటోవిచ్ 1988లోనే మరణించాడు. ఏ శబ్దానికి ఆ తల దగ్గరకు రావాలో, దేనికి బెదరాలో చెప్పటానికి ఆయన లేడు. ఐండ్‌హోవెన్‌లో దాన్ని పిలిచి, అరిచి, ఆడుకొన్న పిల్లలు ఇప్పుడు వృద్ధులు.