ఉప్పు నడిచిన దారి

రాయపూర్ నుంచి విశాఖకు ఆరు వరసల రహదారి వేస్తున్నారు. అభన్‌పూర్ దగ్గర మొదలై సబ్బవరం దగ్గర తేలే ఈ 464 కిలోమీటర్ల బాట ఇంజనీర్ల లెక్కలో పూర్తిగా కొత్తది. చరిత్ర లెక్క వేరు. ఛత్తీస్‌గఢ్ మైదానానికీ తెలుగు తీరానికీ మధ్య రాకపోకలకు పదహారు వందల ఏళ్ల దాఖలాలున్నాయి. వాటిని వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఈ దారుల్ని బతికించింది యాత్రికులు కారు, సరుకు మోసినవాళ్లు. కొండలూ గుళ్లూ చూద్దామని కారేసుకుని బయల్దేరేవాళ్లు ఆ బిడారులో చిట్టచివరివాళ్లు.

ప్రయాగ స్తంభం మీద సముద్రగుప్తుడి దక్షిణ దండయాత్ర చెబుతూ ఆయన ఆస్థానకవి హరిషేణుడు రాజుల పేర్లు వరసగా పెట్టాడు. మొదట కోసల మహేంద్రుడు, తర్వాత మహాకాంతారపు వ్యాఘ్రరాజు, ఆ వెనక పిష్టపురం, ఇంకా ముందుకు వేంగి. ఈ కోసల రాయపూర్, బిలాస్‌పూర్ సీమ. పిష్టపురం మన పిఠాపురం. మహాకాంతారం ఎక్కడన్నదాని మీద పండితులకు పేచీలున్నా, బస్తరు-జయపురం అడవుల వైపు మొగ్గేవాళ్లు చాలామందే. నాలుగో శతాబ్దంలో అంత సైన్యం అడవిలో కొత్తగా దారి కొట్టుకుంటూ దిగిందనడం కంటే, ఉన్న దారినే పట్టుకుందనడం సబబు. ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ కూడా కోసల చూసుకుని అడవుల మీదుగా ఆంధ్రదేశానికే దిగాడు. రాయపూర్‌కు దాదాపు 80 కిలోమీటర్లలో, సిర్పూర్‌లో రాణి వాసట కట్టించిన ఇటుకల లక్ష్మణాలయం ఇంచుమించు ఆ కాలానిదే. బస్తరులోని బార్సూరులో దొరికిన నాగవంశపు రాణి గంగమహాదేవి శాసనమైతే ఏకంగా తెలుగులోనే ఉంది. రాజులూ శాసనాలూ పైకి కనిపించేవి. వాటి కింద నడిచింది ఉప్పు.

ఛత్తీస్‌గఢ్‌లో వరికి కొదవ లేదు, సముద్రమే లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉప్పుమళ్లకు కొదవ లేదు, కరువొచ్చిన ఏడు గింజలుండవు. లంబాడీలు ఎద్దుల మందల మీద పెరికెలు వేసి, సాలూరు దగ్గరి పాచిపెంట కనుమలాంటి దారుల్లో ఉప్పు పైకెక్కించారు, ధాన్యం కిందికి దించారు. పెరిక అంటే ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడే గోతం. ఆ పనితో బతికిన ఒక తెలుగు కులానికి ఆ పేరే నిలిచిపోయింది. పెరికెద్దుకు బండిబాట అక్కర్లేదు. పూటకో చెరువు, ఇంత మేత, మరీ నిటారుగా లేని కనుమ ఉంటే చాలు. అందుకే మజిలీలు నీళ్లున్నచోట, కొండ ఎక్కబోయే ముందు, ఎక్కి అలసిన తర్వాత పడేవి. ఇవాళ మనం అందంగా ఉందని కారాపే చోట్లకు కూడా ఇవే లక్షణాలుండటం కాకతాళీయమేమీ కాదు.

అంత పాత దారే ఉంటే తెలుగు యాత్రికులు దాని ఊసే ఎత్తరేం అని అడగవచ్చు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పోతూ హైదరాబాదు, నాగపూర్, జబల్‌పూర్ దారి పట్టాడు. 1831లో గయ, కలకత్తా, పూరీ, సింహాచలం మీదుగా తిరిగొచ్చాడు. ఛత్తీస్‌గఢ్ చుట్టూ ప్రదక్షిణం చేశాడే గాని లోపల కాలు పెట్టలేదు. నిజమే. కానీ ఆయన పల్లకీలతో, పరివారంతో, తీర్థస్నానాల పట్టీతో వెళ్లిన మనిషి. లంబాడీలు దినచర్య రాసుకోలేదు. రాత లేదు కనుక నడకా లేదంటే, మన పూర్వీకుల్లో ముప్పాతిక మంది మంచం దిగలేదనుకోవాలి. ఇంతకంటే గట్టి అభ్యంతరం కంపెనీ అధికారి బ్లంట్ ప్రయాణం. 1795లో ఆయన చునార్ నుంచి బయల్దేరి రతన్‌పూర్, రాయపూర్ మీదుగా గోదావరి సీమలోని యర్నగూడెం చేరాడు. నేరుగా బస్తరు గుండా దిగుదామనుకుంటే గోండులు అడ్డగించారు. పడమరకు మళ్లి, గోదావరి లోయ పట్టుకుని రావలసి వచ్చింది. దారే ఉంటే ఆయన్నెందుకు పోనివ్వలేదు? ఉంది కనుకే అనాలి. ఉప్పు తెచ్చేవాడు ఎవడో, సిపాయిలను వెంటేసుకుని నేల కొలిచేవాడు ఎవడో అడవిలో వాళ్లకు తెలియదా?

ఎద్దుల్ని ఓడించింది అడవి కాదు, రైలు. 1880ల్లో నాగపూర్ నుంచి రాయపూర్ వైపు పట్టాలు పడ్డాయి. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయింది, 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. మధ్యపరగణాల మాంగనీసుకు సముద్రం దొరికింది. ఆ మార్గం వేసింది సరుకు కోసమే. బస్తరులోని బైలడిల్లా ఇనుప రాయిని జపాన్‌కు పంపాలని 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గమూ అంతే. ఇవాళ జనం అద్దాల పెట్టెలో కూచుని అరకు లోయ చూస్తున్నది ఆ ఖనిజం బండ్ల పట్టాల మీదే. రాయపూర్ దగ్గర్లోని రాజిం తీర్థంలో జరిగే మేళా సంగతేమిటి, భక్తులు దారులు వెయ్యలేదా అంటే, మేళాకు జనం చేరతారు, నిజం. కానీ అభన్‌పూర్ నుంచి రాజింకు చిన్నరైలు పడింది, ధంతరీ దాకా పట్టాలు వేసిన రైలు కంపెనీ చేతుల మీదుగానే. ధంతరీ బియ్యానికీ కలపకూ పేరున్న ఊరు.

ఆ లెక్కన కొత్త రహదారి వంశం తప్పలేదు. ఇదీ సరుకు దారే. కేశ్‌కాల్ వైపు కొండల్లో దాదాపు 2.8 కిలోమీటర్ల జంట సొరంగం తొలిచింది లారీల కోసమే. లారీలు అటు మళ్లితే పాత కేశ్‌కాల్ కనుమ విహారానికి వచ్చేవాళ్లకు ఖాళీగా మిగులుతుందని సంబరపడేవాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు. సరుకు వదిలేసిన దారిని మరమ్మతు చేసే చేతులు కూడా వదిలేస్తాయి. పెరికెద్దుల బాటలు ఎన్ని మిగిలాయి గనక? ప్రస్తుతానికి కేశ్‌కాల్‌లో 12 మలుపులూ ఉన్నాయి, నడుమ తేలిన్ మాత గుడి ఉంది, డ్రైవర్లు బండి ఆపి దణ్ణం పెట్టుకుంటున్నారు.