బొంతను పెద్దది చేయడం

కుట్టు పూర్తయిన బొంతను పెద్ద మంచానికి సరిపడేలా అంచుల వెంట పెంచే పని. అమెరికాలో ఒక్కరు పడుకునే ట్విన్ పరుపు వెడల్పు 38 అంగుళాలు, ఇద్దరు పడుకునే క్వీన్ పరుపుది 60; పొడవులో తేడా 5 అంగుళాలే కాబట్టి కొత్త పట్టీలు ఎక్కువగా పక్కలకే పడతాయి. ముందు అంచుపట్టీ విప్పి, పైగుడ్డకూ అడుగుగుడ్డకూ పట్టీలు కలుపుతారు. అసలు మెలకువ దూది పొర దగ్గరే: కొత్తదాన్ని పాతదానిపైకి ఎక్కించకుండా అంచుకు అంచు ఆనించి వదులుగా కుట్టాలి, లేకుంటే అతుకు గట్టులా తేలుతుంది. కొత్త నూలుగుడ్డను ముందే ఉతకాలి. వెలిసిన రంగుకు జోడీ వెతకడం కన్నా పూర్తిగా వేరే రంగు ఎంచుకుంటేనే అందం. తెలుగు ఇళ్లలో పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతకైతే దూది బెడద లేదు. పక్కన మరిన్ని చీరలు పేర్చి ముతక దారంతో కుట్టుకుంటూ పోవచ్చు.